మా ఆయన తట్టిన తలుపు

మా ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. ఆయనకి యాభై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళ కిందట నేను కాపురానికి వచ్చేనాటికే ఆ పేరు స్థిరపడిపోయింది. ఉత్తరాలు కూడా ఆ పేరుతోనే వచ్చేవి. మొదట్లో నాకు నామోషీగా ఉండేది. పోనుపోను నన్ను తాళాలావిడ అనడం మొదలుపెట్టారు. ఇక ఎవరితో పోట్లాడను, ఊరుకున్నాను.

ఆయన దుకాణం ఓ మేడమెట్ల కింద గూడు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. గోడ నిండా మేకులు, ఆ మేకులకి ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు. ఓ మూల చెవులు కోసే మిషను, బల్ల మీద నాలుగు ఆకురాళ్ళు, ఓ నూనె డబ్బా. ఆయన చొక్కా ఏది ఉతికినా బకెట్టు అడుగున ఇత్తడి రజను మెరుస్తుంది. "బంగారం తెచ్చే మొగుణ్ణి చేసుకోవాల్సింది, ఇత్తడి తెచ్చేవారు దొరికారు" అని దెప్పుతూ ఉంటాను. ఆయన నవ్వుతారు తప్ప జవాబు చెప్పరు. మా ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ నేనే మాట్లాడతాను.

ఆయన పనిలో ఓ పద్ధతి ఉంది. మా మామగారు నేర్పినది. తాళం మీద చెయ్యి వేసేముందు తలుపు మూడుసార్లు తట్టి, కాసేపు ఆగుతారు. ఇంటివాళ్ళు పక్కనే నిలబడి లోపల ఎవరూ లేరు మొర్రో అన్నా సరే, తట్టాల్సిందే. లోపల మనిషి గనక ఉంటే, ఆ మనిషి ఊఁ అంటేనే తీస్తారు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఈ నియమం తప్పరు.

ఒకసారి మిట్టమధ్యాహ్నం ఓ గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. ఇంటి తలుపు తెరుచుకోవడం లేదట. ఈయన వెళ్ళి తట్టారు. లోపల్నుంచి ఆ గుమాస్తా భార్య గొంతు వినబడింది. "తియ్యకండి. ఇంకో గంట ఎండలో నిలబడనీయండి." గుమాస్తా మండిపడ్డాడు. నా ఇల్లు, నా తలుపు, నేను చెప్తుంటే తియ్యవేమయ్యా అన్నాడు. మా ఆయన సంచి సర్దుకుని, "ఇంకో గంటేగా సార్, ఆవిడే తీస్తారట. ఆ పక్కన నీడ ఉంది" అని చూపించి వచ్చేశారు. నేను ఆ కథ చెప్పించుకుని చెప్పించుకుని నవ్వాను. అదే పద్ధతి ఈ ఏడాది నా ప్రాణం తీసింది.

మా ఆయనకి ఒక్కతే అక్క. వాళ్ళమ్మ పోయేనాటికి ఈయనకి ఎనిమిదేళ్ళు, ఆవిడకి పదిహేను. ఆవిడే స్నానం చేయించి, జడలాంటి ఈయన జుట్టు కత్తిరించి, బడికి పంపి పెంచింది. తరువాత ఓ బడిలో కుట్టుపని నేర్పే టీచరుగా చేసి రిటైరైంది. మొదటి ఏడాది నేను మీరు అంటుంటే, "చుట్టమా నేను నీకు? నువ్వు అను" అని ఆవిడే మాన్పించింది. మా ఇంటికి మూడు వీధుల అవతల, మూడో అంతస్తులో ఉంటుంది. ఆవిడ భర్తని నేను అన్నయ్యగారు అనేదాన్ని. అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం చేశారాయన. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. చర్చిలో పంచే ఆరాధన కాగితంలో ఎర్రపెన్సిలుతో తప్పులు దిద్ది పాస్టరుగారి చేతిలో పెట్టేవారు. పాస్టరుగారు పళ్ళు బిగబట్టి థాంక్స్ చెప్పేవారు.

ఇక ఈ ఏటి గుడ్ ఫ్రైడే సంగతి. దానికి ముందు పోయినేటిది చెప్పాలి.

పోయినేడు గుడ్ ఫ్రైడేనాడు, పన్నెండు నుంచి మూడింటిదాకా జరిగే ఆరాధనలో, ఓ పెద్దాయన కన్నీళ్ళు పెట్టుకుని ప్రసంగిస్తుంటే మా ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎవరో కారు తాళంచెవి పోగొట్టుకున్నారు. ఈయన పనిముట్ల సంచి గలగలమనకుండా గుండెలకి హత్తుకుని మునివేళ్ళ మీద బయటికి నడిచారు. అంత జాగ్రత్తగా నడిచారు కాబట్టే అందరూ తిరిగి చూశారు. నాకు తల తీసేసినట్టయింది. నెల రోజులు సణిగాను.

అందుకని ఈ ఏడాది బెంచీలో కూర్చోగానే నేనే ఆయన జేబులోంచి ఫోన్ లాగి, ఆఫ్ చేసి, నా హ్యాండ్‌బ్యాగులో రుమాలు కింద పెట్టేశాను.

"ఎవరైనా లోపల ఇరుక్కుపోతేనో?" అన్నారాయన గొంతు తగ్గించి.

"మూడు గంటలు దేవుడు చూసుకుంటాడు లెండి" అన్నాను.

ఆ మాట అన్నది ఈ నోరే. భక్తి ఎక్కువైనవాళ్ళకే వస్తాయి ఇలాంటి మాటలు.

ఆరాధన అయి, నలుగురితో మాట్లాడి, గేటు దగ్గర ఫోన్ ఆన్ చేసి ఇచ్చాను. పదకొండు కాల్స్ వచ్చినట్టు మెసేజీలు. అన్నీ వదిన దగ్గర్నుంచే. మొదటిది రెండూ అయిదుకి. అన్నయ్యగారు స్నానాలగదిలో గడియ పెట్టుకుని పడిపోయారు. పాత ఇల్లు, బరువైన తలుపు. ఇరుగుపొరుగు గునపంతో పొడిచి పొడిచి విరగ్గొట్టేసరికి ముప్పావుగంట పట్టింది. మా ఆయనకైతే రెండు నిమిషాల పని. చర్చి నుంచి వాళ్ళింటికి పది నిమిషాల నడక. మేం పరుగెత్తుకు వెళ్ళేసరికి ఆయన్ని హాల్లో పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి ఉంచారు. కాస్త ముందు బయటికి తెచ్చుంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు. చెప్పలేనన్న మాట కన్నా చెప్పేసినా బాగుండేది.

శనివారం సాయంత్రం సమాధి చేశాం. మట్టి పోశాక వదిన తమ్ముడి వైపు తిరిగింది. "ఎవరెవరి తలుపులో తీశావు కదరా. నాది మాత్రం తియ్యలేకపోయావు. ఫోనెందుకు ఎత్తలేదు?"

ఈయన నావైపు చూడనైనా చూడలేదు. "ఆఫ్ చేశానక్కా. తప్పు నాదే" అన్నారు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. నా హ్యాండ్‌బ్యాగు నా చంకలోనే ఉంది.

"ఇక నా గుమ్మం తొక్కకు" అంది వదిన.

మర్నాడు ఈస్టర్. తెల్లారుజామున అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. ప్రభువు లేచాడని పాటలు పాడుతుంటే చర్చి దద్దరిల్లింది. మా ఆయన పాటకి శ్రుతి ఉండదు కానీ గొంతు మాత్రం నాలుగు బెంచీల దాకా వినబడుతుంది. ఆ వేళ పెదవి కదపలేదు. పక్కన నిలబడి నేను ఇద్దరి తరఫునా పాడదామని చూశాను, నా వల్లా కాలేదు.

ఇంటికొచ్చాక చెప్పాను. "రేపు నేను వెళ్ళి వదినకి నిజం చెప్పేస్తాను. ఫోన్ ఆఫ్ చేసింది నేనని."

"వద్దు" అన్నారు.

"ఎందుకొద్దు?"

"తమ్ముడి మీద కోపం ఎన్నాళ్ళుంటుంది? కొన్నాళ్ళకి పోతుంది. నీ మీదైతే పోదు. నువ్వు తరువాత వచ్చినదానివి." చొక్కా జేబు తడుముకుని, "అయినా జేబు నాది. వద్దని చెయ్యి అడ్డం పెట్టలేదు కదా నేను" అన్నారు.

ఉన్నమాట చెప్తాను. ఆయన వద్దనగానే నాకు హాయిగా ఊపిరి ఆడింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం ఉదయం ఆరున్నరకి ఆయన బయల్దేరారు. మూడు అంతస్తులు ఎక్కి, తలుపు మూడుసార్లు తట్టి, "అక్కా, నేనే. నన్ను క్షమించు" అన్నారు. తలుపు కాస్త తెరుచుకుంది. మేనకోడలు. దూరాన ఓ ఊళ్ళో నర్సుగా చేస్తుంది, తండ్రి కోసం వచ్చింది. "అమ్మ రావద్దంటోంది మావయ్యా" అని కళ్ళు తుడుచుకుని సంచి అందుకుంది. సంచిలో బ్రెడ్డు, పాలు, పళ్ళు, వదిన బీపీ మాత్రలు. పది నిమిషాలు నిలబడి వచ్చేశారు. మంగళవారం మళ్ళీ వెళ్ళారు. బుధవారం మళ్ళీ. సెలవైపోయి ఆ పిల్ల వెళ్ళిపోయాక సంచి తలుపు పిడికి తగిలించి రావడం మొదలుపెట్టారు. మర్నాడు వెళ్ళేసరికి ఖాళీ సంచి మడతపెట్టి గడప పక్కన ఉండేది. అంతకు మించి జవాబు లేదు.

ఎదురింటి ముసలాయన మొదట్లో తలుపు సందులోంచి అనుమానంగా చూసేవాడట. వారం తిరక్కముందే ఓ స్టూలు తెచ్చి బయటపెట్టాడు. "ఎలాగూ రోజూ వస్తున్నావు, కూర్చుని బతిమాలుకో నాయనా" అన్నాడట.

ఈస్టర్ తరువాతి ఆదివారం పాస్టరుగారు శిష్యుల గురించి చెప్పారు. భయపడి తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ళ మధ్యకి ప్రభువు వచ్చి నిలబడ్డాడన్నారు. ఈస్టర్ పండగ ఒక్క రోజుతో అయిపోదు, సోమవారం నుంచి మీ ఇళ్ళలో ఏం మారిందో చూసుకోండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ప్రభువుకేం, వేసిన తలుపుల్లోంచి కూడా వెళ్ళగలడు, మా ఆయన కాళ్ళు లాగేలా మెట్లెక్కి స్టూలు మీద కూర్చోవాలి అనుకున్నాను. దారిలో పైకే అనేశాను కూడా.

వీధి మలుపు దాటాక ఆయన అన్నారు. "ఆ లోపల కూర్చున్నవాళ్ళు ఆయన్ని కష్టంలో వదిలేసి పారిపోయినవాళ్ళు. అయినా ముందు వెళ్ళింది ఆయనే కదా. ఏ తప్పూ లేని ఆయనే వెళ్తే, తప్పు చేసినవాణ్ణి, నేను వెళ్ళడానికేమొచ్చింది?"

తప్పు చేసింది మీరు కాదు కదా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ రోజుల్లో నేను మనిషిలా లేను. గిన్నెలు ఎత్తేసేదాన్ని. వదిన మీద విరుచుకుపడేదాన్ని. పెంచిన తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టేంత గుండె రాయా అనేదాన్ని. రాత్రి ప్రార్థనకి మోకరిస్తే మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము అనే వాక్యం దగ్గర నాకు దగ్గు వచ్చేది. నిజం దగ్గు కాదు. ఆయనకి తెలుసు. తెలిసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఆ నీళ్ళు తాగలేక చచ్చేదాన్ని. కోపం నా మీద నాకే అని తెలుస్తూనే ఉంది, కానీ దాన్ని వదిన మీదికి మళ్ళిస్తే బతకడం తేలిక.

ముప్ఫై ఎనిమిదో రోజు, బుధవారం, ఆయన రెండు సంచులతో తిరిగొచ్చారు. ఒకటి ఆ రోజు తీసుకెళ్ళినదే, నిండుగా ఉంది. రెండోది ముందురోజుది. పిడికి తగిలించింది తగిలించినట్టే ఉందట. పాలు విరిగిపోయాయి.

సంచులు అందుకుంటూ అడిగాను. "మనిషి ఉందా?"

"ఉంది. నడుస్తున్న చప్పుడు వినబడింది. తలుపు దగ్గరదాకా వచ్చింది. ఊపిరి కూడా వినబడింది. తియ్యలేదు."

అంతలో మేనకోడలు ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. "అత్తయ్యా, అమ్మ ఏమీ తినడం లేదట. ఇందాకే గొంతు పీలగా వచ్చింది. మావయ్యని తలుపు తియ్యమను. నేను చెప్పానని చెప్పు." ఏడుస్తోంది.

నేను ఫోన్ పెట్టేసి ఆయన మీదికి లేచాను. "విన్నారుగా. రెండు నిమిషాల పని. వెళ్ళి తియ్యండి."

"లోపల మనిషి ఉంది. తియ్యమనలేదు."

"తినకుండా చచ్చిపోతే మీ పద్ధతి పట్టుకుని ఊరేగుతారా?"

"ఈ సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ తినకపోతే విరగ్గొట్టయినా వెళ్తాను." ఆయన చెప్పులు తొడుక్కున్నారు. "కానీ, నేను తీస్తే అది నేను దూరినట్టు. అక్క రానిచ్చినట్టు కాదు."

టీ కూడా తాగకుండా దుకాణానికి వెళ్ళిపోయారు. నేను ఆ విరిగిన పాలు తొట్టిలో పారబోస్తూ నిలబడ్డాను. ఆయన ఎన్ని రోజులు తట్టినా ఆ తలుపు తెరుచుకోదనిపించింది. ఆయన అడుగుతున్న క్షమాపణ ఆయనది కాదు. అడగాల్సినదాన్ని నేను ఇక్కడ తొట్టి కడుగుతున్నాను.

చెయ్యి తుడుచుకుని, చెప్పులేసుకుని బయల్దేరాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఒకసారి గ్యాసు కట్టేశానా లేదా అని వంక పెట్టుకున్నాను. కట్టేశానని నాకు బాగా తెలుసు.

మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. స్టూలు అక్కడే ఉంది. కూర్చోలేదు. ఆయన తట్టినట్టే మూడుసార్లు తట్టాను.

"వదినా, నేను. నీ తమ్ముడు కాదు, నేను. ఓ మాట చెప్పి పోతాను, తలుపు తియ్యక్కర్లేదు. ఆ రోజు ఫోన్ ఆఫ్ చేసింది నేను. ఆయన జేబులోంచి నేనే తీసి నా బ్యాగులో పెట్టాను. ఎవరైనా ఇరుక్కుపోతే ఎలా అని ఆయన అడిగారు కూడా. దేవుడు చూసుకుంటాడని నేనే నోరు మూయించాను. నన్ను కాపాడ్డానికి నేరం తన మీద వేసుకున్నారు. ఆ వేళ సమాధుల దగ్గర నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. నలభై రోజుల నుంచి మూసుకునే ఉన్నాను. తిట్టాలంటే నన్ను తిట్టు. ఆయన్ని మాత్రం ఇలా నిలబెట్టకు వదినా. చూడలేకపోతున్నాను."

ఏ చప్పుడూ లేదు. పక్కింట్లో ఎవరో కుళాయి కట్టేసిన శబ్దం కూడా వినబడింది. సరే, చెప్పాల్సింది చెప్పానని వెనక్కి తిరిగాను. అప్పుడు పై గడియ తీసిన చప్పుడైంది. తరువాత కింది గడియ. తరువాత తాళం తిరిగింది.

వదిన సగానికి సగం అయిపోయింది. చీర మాత్రం కుచ్చిళ్ళు చెదరకుండా కట్టుకుని ఉంది, జుట్టు నున్నగా దువ్వుకుని ఉంది. గుమ్మం పక్కనే లోపలివైపు ఓ కుర్చీ వేసి ఉంది. ఆ కుర్చీ చూస్తే నాకేదో అర్థమయీ కానట్టయింది.

"కూర్చో" అంది. చెంప పగులుతుందనుకున్నాను. పగల్లేదు. "ఫోన్ ఆఫ్ చేసినందుకు నీ మీద కోపమొస్తోంది. ఇన్నాళ్ళు దాచినందుకు ఇంకా వస్తోంది. అది తరువాత చూద్దాం. ముందు నేను చెప్పేది విను."

నేల మీదే కూర్చున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"ఆ రోజు మీ అన్నయ్య పొద్దున్నుంచీ ఒంట్లో నలతగా ఉందన్నారు. చర్చికి రాలేనన్నారు, నేనూ ఆగిపోయాను. ఏటా ఇదే రోజున మీకేదో ఒకటి వస్తుందిలెండి, మూడు గంటలు కూర్చోవడానికి బద్ధకం అన్నాను. ఆయన మాట్లాడకుండా లేచి స్నానాలగదిలోకి వెళ్ళారు. ఒంటిగంటైంది. నేను ఇక్కడే కూర్చున్నాను. ఏదో పడ్డ చప్పుడైంది. చెంబు విసిరారనుకున్నాను. అలిగారు, అలగనీ, నేనెందుకు తట్టాలి అనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. గంట. గంటసేపు కూర్చున్నానే నేను. రెండింటికి లేచి తట్టాను. అప్పుడు వాడికి ఫోన్ చేశాను."

ఆవిడ చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"వాడి ఫోన్ కలవకపోతే నాకు ప్రాణం లేచొచ్చింది తెలుసా? తప్పు వాడి మీదికి పోయిందిలే అనిపించింది. అందుకే సమాధుల దగ్గర అలా అన్నాను. ఆ మర్నాటి నుంచి వాడు రోజూ వచ్చి నన్ను క్షమించు అంటాడు. నేను ఆరింటికే లేచి, తల దువ్వుకుని ఈ కుర్చీలో కూర్చుంటాను. వాడు తడతాడు. తలుపు తీస్తే ఈ గంట సంగతి చెప్పాలి. చెప్తే వాడింక రాడు. తియ్యకపోతే రోజూ వస్తాడు." ఆవిడ తలుపు వైపు చూసింది. "నిన్న మాత్రం ఆ సంచి అందుకోబోతే చేతులు రాలేదు. దొంగతనం చేస్తున్నట్టనిపించింది."

ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో చెప్పలేను. తరువాత లేచి టీ పెట్టి, ఓ ముక్క బ్రెడ్డు ముంచి నేనే ఆవిడ నోట్లో పెట్టాను. రెండు ముక్కలు తిన్నాక, "వాణ్ణి పిలువు" అంది. "నేనే చెప్తాను. నువ్వు మధ్యలో మాట్లాడకు." ఆవిడకి నా సంగతి తెలుసు.

ఫోన్ చేశాను. దుకాణం తెరిచి ఉంచే వచ్చేశారేమో, పావుగంటలో మెట్ల మీద ఆయన అడుగులు వినబడ్డాయి. చేతులకి రజను అలాగే ఉంది. తెరిచిన తలుపు చూసి గుమ్మం బయటే ఆగిపోయారు. వదిన లేచి వెళ్ళి ఎదురుగా నిలబడింది. నాకు చెప్పినదంతా ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. కాళ్ళు చాపుకుని కూర్చున్నదాంతో సహా చెప్పింది.

"గంటా?" అన్నారాయన.

"గంటరా."

ఆయన ముఖం నేనెప్పుడూ చూడని రంగుకి తిరిగింది. బావ అంటే ప్రాణం ఆయనకి. వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగారు. వదిన కదల్లేదు, పిలవనూ లేదు. మూడో మెట్టు మీద ఆగారు. గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు. ఎదురింటి ముసలాయన తలుపు తీసి, చూసి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ వేసుకున్నాడు.

ఆయన తల తిప్పకుండానే అన్నారు. "నాకు కోపం వస్తోందక్కా. చాలా వస్తోంది."

"రానీరా" అంది వదిన. "కోపంతోనే లోపలికి రా."

ఆయన ఆ మూడు మెట్లూ ఎక్కారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. వచ్చి, వదిన కుర్చీ పక్కన నేల మీద కూలబడి, సమాధుల దగ్గర కూడా ఏడవని మనిషి గట్టిగా ఏడ్చారు. వదిన ఆయన తల మీద చెయ్యి వెయ్యబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇంకా హక్కు రాలేదనుకుందేమో.

అంతటితో అయిపోయిందని చెప్పను. అబద్ధమవుతుంది. మా ఆయన కోపం వానలు పడేదాకా పోలేదు. కానీ ఒక్క రోజు కూడా వెళ్ళడం మానలేదు. ఆరున్నరకి వెళ్తారు, తడతారు, వదిన తీస్తుంది. ఆవిడ టీ ఇస్తుంది, ఈయన తాగుతారు. మాట ఉండదు. ఎదురెదురుగా కూర్చుంటారు, అంతే. నాతో మాత్రం వదిన మాట్లాడేది, ఎక్కువగా తిట్టడానికే. ఆ తిట్లన్నీ న్యాయమైనవే, పడ్డాను. ఓసారి ఈయన్ని అడిగాను, మాట్లాడని మనిషి దగ్గరికి రోజూ ఎందుకు వెళ్ళడమని. "నేను మానేస్తానని భయపడింది కదా" అన్నారు.

మొన్న ఆదివారం చర్చి నుంచి ముగ్గురం వదిన ఇంటికే వెళ్ళాం. నేను వంటింట్లో గ్లాసులు కడుగుతున్నాను. హాల్లోంచి వదిన గొంతు వినబడింది. "టీలో పంచదార సరిపోయిందా?"

రోజూ అడిగే మాటే. రోజూ జవాబు ఉండదు.

"ఎక్కువేశావక్కా" అన్నారాయన.

"నీకు ఎక్కువే కదరా ఇష్టం."

"ఇష్టమే. అందుకే చెప్తున్నా, ఇంకో గ్లాసు పొయ్యి."

వదిన గ్లాసు కోసం వంటింట్లోకి వచ్చింది. నా చేతిలో తడిగ్లాసు ఉంది, అందుకుంది. పొయ్యి వెలిగించబోయి అగ్గిపుల్ల గియ్యలేక మూడు పుల్లలు పాడుచేసింది. నాలుగోది నేను గీసి ఇచ్చాను.